ప్రవళిక క్యాంటీనుకు ఎందుకు పోలేదంటె

ఒక మనిషి బువ్వ తినేటందుకు మేడ మీదికి పోకపోతె దానికి ఎన్ని అర్థాలు తియ్యొచ్చు? మాదాపూర్ల ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసోళ్లు దగ్గర దగ్గర రెండేండ్లు తీసిన్రు. అందరు ఇంజనీర్లే, అందరికి ఇంగ్లీషొచ్చు, ఫారిన్ పోయొచ్చినోళ్లు గూడ ఉన్నరు. ఒక్కరికన్న "ఏందమ్మా, ఎందుకొస్తలేవు" అని నిమ్మళంగ అడుగుదామన్న సోయి లేదు. ఆ పిల్ల గూడ తక్కువది కాదు. అడగకున్నా చెప్పొచ్చు గదా, చెప్పలే.

ఆ పిల్ల పేరు ప్రవళిక. హుస్నాబాద్ అవతల ఊరు. బాపు స్వామి కల్లు గీస్తడు. ఆయన తాటిచెట్టెక్కుతుంటె కింద నిలవడి మెడ ఎత్తి చూసుడు చిన్నప్పుడు ఈమెకు ఆటలెక్క ఉండె. ఐదో తరగతి చదివేటప్పుడు ఒకనాడు పొద్దుగాల బాపుకు సద్ది తీస్కపోయింది. ఆయన సగం చెట్టు మీదున్నడు, మోకు జారింది. మోకంటె నడుముకు, చెట్టుకు కలిపి ఏసుకునే తాడు, గీసేటోని పానమంత దాంట్లనే ఉంటది. బిడ్డ కండ్ల ముందటనే కింద పడ్డడు. సద్ది గిన్నె ఆడనే పారేసి, రోడ్డు దాక ఉరికి, మందిని పిల్సుకొచ్చింది. శానా రోజులు దవాఖానల ఉండి స్వామి బతికిండు. కుడికాలు జర ఈడుస్తడు, గంతే. మళ్ల చెట్లెక్కబట్టిండు గూడ. ఎక్కనిది ఈమెనే. అటెన్క స్టూలెక్కి బల్బు మార్చమన్నా కాళ్లు వణుకుతయి, అరచేతులు తడిసిపోతయి.

ఇంట్ల ఎన్నడు చెప్పలే. చెప్తె బాపు తన వల్లనే అనుకుంటడని రంధి. బయట చెప్పలేదంటె ఇజ్జత్ కోసం. కల్లు గీసే గౌడు బిడ్డకు ఎత్తంటె భయమట అని పండ్లికిలిస్తరు గదా. ఇంజనీరింగ్ కాలేజీల నోరు జారి ఒక దోస్తుకు చెప్తె, ఆ దోస్తు పదిమందికి చెప్పింది, కాలేజీ ఇడిసేదాక ఈమెకు "తాటిచెట్టు" అని పేరు పడ్డది. ఇగ అప్పటిసంది ఎవలకు చెప్పేది లేదని ఒట్టు పెట్టుకున్నది.

ఉద్యోగం మాదాపూర్ల దొరికింది. అయ్యప్ప సొసైటీల లేడీస్ హాస్టల్ చూసుకున్నది. కింది రూమే కావాలని కొట్లాడి తీసుకున్నది, వంటింటి పక్కన, ఎప్పుడు చూడు పోపు ఘాటుకు తుమ్ములే. ఆఫీసు మూడో అంతస్తు. పక్కన అద్దాల లిఫ్టు ఉంటది గని దాని మొఖం చూడదు, మెట్లెక్కే పోతది. సీటు గూడ కిటికీకి దూరంగ, ప్రింటర్ పక్కన అడిగి ఏయించుకున్నది. ఆ పక్క సీటు ఉమాశ్రీది.

ఉమాశ్రీ వాళ్లది భీమవరం. నాన్న సర్కారు నౌకరి చేసి నిజాంపేటల ఫ్లాటు కొనుక్కున్నడు. వీళ్లిద్దరు ఒక్కనాడే జాయినయిన్రు, ట్రైనింగుల ఒక్క సారు దగ్గరనే తిట్లు తిన్నరు, ఇంకేం కావాలె దోస్తానాకు? అప్పుడు క్యాంటీన్ కింద, పార్కింగ్ పక్కన ఉండె. ఇద్దరు డబ్బాలు ముందటేసుకొని ఒకలది ఒకలు తినేటోళ్లు. ఉమాశ్రీ వాళ్లమ్మ జయలక్ష్మి గారు "పాపం, ఆ పిల్ల హాస్టల్లో ఏం తింటుందో" అని ఇంకొక గంటెడు కూర ఎక్కువ పెట్టి పంపేది. ఈమె ఊరికి పోయొస్తూ తెచ్చే సర్వపిండి కోసం ఉమాశ్రీ బస్సు దిగకముందే ఫోన్ చేసేది.

2009 డిసెంబర్ల తెలంగాణ రాష్ట్రం ఇస్తమన్నరు, మళ్ల ఆగమన్నరు. ఇగ చూడు, ఆఫీసుల ఏ ముచ్చట తీసినా ఆడికే వస్తది. ఒక శుక్రవారం తినేకాడ వీళ్లిద్దరికి గూడ లొల్లయింది.

"హైదరాబాద్ అందరం కలిసి కట్టుకున్నదేగా. ఇప్పుడు మమ్మల్ని పొమ్మంటే ఎక్కడికి పోతామే?" అన్నది ఉమాశ్రీ.

"మిమ్ముల ఎవలు పొమ్మన్నరే? మా ఊర్ల బోర్లెండిపోయి మావోళ్లు దుబాయ్ పోతున్నరు. ఎందుకు పోతున్నరని ఎన్నడన్న అడిగినవా?" అన్నది ప్రవళిక.

డబ్బాలు మూసుకొని లేచిన్రు. పెద్ద కొట్లాటేం గాదు. సోమవారం మళ్ల ఒక్కటైపోదురు.

గాచారం ఎట్లుంటదంటె, ఆ సోమవారమే క్యాంటీన్ మేడ మీదికి పోయింది. కింద కార్లకు జాగ సాలుతలేదని, తొమ్మిదో అంతస్తు మీద డాబాల రేకులేసి, చుట్టూ నడుమెత్తు అద్దాల గోడ కట్టిన్రు. అందరు సంబురపడ్డరు. ఆడికెళ్లి దుర్గం చెరువు కనవడ్తదట, గాలి మస్తుగొస్తదట. ప్రవళిక డబ్బా పట్టుకొని మెట్లెక్కింది, రొప్పుకుంట పైదాక పోయింది, తలుపు తీసింది. గడప కాడనే ఆగిపోయింది. అద్దాల గోడ అవతల ఏం లేదు, ఉత్త ఆకాశం. దూరంగ కూసున్న ఉమాశ్రీ ఈమెనే చూస్తున్నది, చెయ్యి గూడ ఊపింది. ప్రవళిక తలుపు మూసి, గోడ పట్టుకొని కిందికి దిగింది.

ఉమాశ్రీకి ఏమనిపిస్తది? తన మీది కోపంతోనే మర్లిపోయిందని ఎవలకైనా అనిపిస్తది.

ఆనాటిసంది ప్రవళిక గేటు బయట చాయ్ బండి కాడ కూసొని తినబట్టింది. ఆడ తినేది క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటోళ్లు, ఊడ్చే అమ్మలు. నల్గొండోళ్లు, మెదక్కోళ్లు, పాలమూరోళ్లు. చూసెటోళ్లకు ఇంకేం సాక్ష్యం కావాలె? ఆంధ్రోళ్లతోని తినది, తనోళ్లతోనే తింటది అన్నరు. అన్నోళ్లల్ల సగం మంది మెచ్చుకొని అన్నరు, సగం మంది మండిపడి అన్నరు.

మెచ్చుకున్నోళ్లకు పెద్ద సంతోష్. హన్మకొండ పిలగాడు, టెస్టింగుల చేస్తడు. మంచోడే, గని ఉద్యమం అంటె ఒళ్లు తెలువదు. ఒకనాడు చాయ్ బండి కాడికే వచ్చిండు.

"అక్కా, నువ్వు చేసిన పని మాకెవలకు తోచలే. నోరు తెరువకుంటనే ఎంత మాట చెప్పినవ్!"

"అది గాదు సంతోష్..."

"నాకు ఎరుకే అక్కా. నువ్వు చెప్పుకునే మనిషివి గాదు."

నోరు తెరిస్తె ఇనేటోడైతె గదా! సరే, వాడు ఇనడు, ఈమెకేం అయింది? నాకు ఎత్తంటె భయం, మూడు ముక్కలు. నాలిక చివరి దాక వచ్చింది. కాలేజీల నవ్వులు యాదికొచ్చినయి, మింగేసింది. ఇంకొకటి గూడ ఉన్నది, దాచుడెందుకు? పిరికిది అన్న పేరుకన్న పౌరుషం గల్లది అన్న పేరు మంచిగనే ఉన్నది.

ఆ మంచిగుండుడు నెల కన్న ఎక్కువ ఉండలే. తెలంగాణ రావాలని ఈమెకు లేదా అంటె, ఉన్నది, పానమంత ఉన్నది. మానవహారంల నిలవడ్డది. మిలియన్ మార్చ్ నాడు హాస్టల్ వార్డెన్ తోని కొట్లాడి, నడుసుకుంట, పోలీసుల తప్పించుకుంట ట్యాంక్‌బండ్ దాక పోయింది. వాటి గురించి ఒక్కడు మాట్లాడడు. డబ్బా పట్టుకొని కింద కూసున్నదే అందరికి గొప్పయింది. నిజంగ చేసినదానికి పేరు లేదు, చాతగాక చేసినదానికి దండాలు. తలుసుకుంటె ఈమెకు పండ్లు పటపట కొరకాలనిపించేది. అటు ఉమాశ్రీ పక్క సీట్లనే కూసొని, "ఆ ఫైల్ పంపించు" అన్న మాట తప్ప ఇంకొక మాట అనదు. మధ్యాహ్నం కాంగనే డబ్బా తీస్కొని లేస్తది, ఈమె దిక్కు చూడకుంట లిఫ్టు ఎక్కుతది. ఆ లిఫ్టు పైకి పోతుంటె చూసి ప్రవళిక ఎన్ని దినాలు ఏడ్పు మింగిందో ఆ ప్రింటర్‌కు తెల్వాలె.

2011ల సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దేవునికెరుక. సరిగ్గ అప్పుడే కౌలాలంపూర్ల క్లయింటుకు పని అప్పజెప్పి రావాల్సొచ్చింది. ఆ పని పూర్తిగ తెలిసినోళ్లు ఇద్దరే. ఏ ఇద్దరో చెప్పక్కరలేదు.

టీమ్ లీడరు ఉదయ్ భాస్కర్‌ది ఏలూరు. మెత్తటి మనిషి, ఎవల్ని ఒక మాట అనడు, అందుకే ఆయన కాడ ఏ పంచాది తేలదు. ఇద్దర్ని పిలిచి కూసోవెట్టిండు. "చూడండమ్మా, అక్కడ మాత్రం ఈ గొడవలొద్దండి. క్లయింట్ ముందు పరువు పోతుందండి." ఇద్దరు "సరే సార్" అన్నరు. ఒకామె ఫ్యాన్ దిక్కు చూసింది, ఇంకొకామె గోడ దిక్కు చూసింది.

విమానంల ప్రవళిక నడిదారి పక్క సీటు అడిగి, కండ్లకు గుడ్డ కట్టుకొని, దిగేదాక తియ్యలే. కిటికీ కాడ కూసున్న ఉమాశ్రీ దానికి గూడ తన అర్థం తాను తీసుకున్నది. ఇగ హోటల్ల అయితె మరీ ఘోరం. కంపెనోళ్లు పద్దెనిమిదో అంతస్తుల పక్క పక్క రూములు తీసిన్రు. ప్రవళిక కౌంటర్ కాడున్న పిల్లను బతిమాలి, బంగపోయి, రెండో అంతస్తుల ఒక చీకటి రూముకు మారింది. ఎన్కకు తిరిగేసరికి ఉమాశ్రీ పెట్టె పట్టుకొని నిలవడి ఉన్నది, అంత ఇన్నది.

"పక్క గదిలో కూడా ఉండలేవన్నమాట" అని లిఫ్టు ఎక్కింది.

ప్రవళిక నోరు తెరిచేలోపల లిఫ్టు తలుపులు మూసుకున్నయి. చెయ్యెత్తి గోడను ఒక్కటి గుద్దింది. చెయ్యే నొచ్చింది.

ఆదివారం సెలవు. క్లయింట్ ఆఫీసుల పుణ్యవతి అని ఒకామె, తాతల నాడు రబ్బరు తోటలల్ల పనికి పోయి ఆడనే ఉండిపోయిన తెలుగోళ్ల బిడ్డ. తెలుగు మాట వింటె చాలు సంబురపడిపోతది. "మీరు ఇద్దరు పిల్లలు ఒక ఊరు, ఇంట్లో ఊరక కూర్చోవద్దు" అని కారేసుకొని వచ్చింది, గంట దూరంల ఉన్న కొండ కాడికి తీస్కపోయింది. టికెట్లు ముందే కొనుక్కొచ్చింది. దేనికంటె, కేబుల్ కారుకు. కింద స్టేషన్ల తాడుకు వేలాడుకుంట డబ్బాలొస్తున్నయి, మనుషుల్ని ఎక్కించుకొని మబ్బులల్లకు పోతున్నయి. పుణ్యవతి ఎన్నోసార్లు ఎక్కిందట, తాను రోడ్డు మీద కారుల పైకి వస్తనన్నది.

ప్రవళిక తలెత్తి ఆ తాడు చూసింది. "నేను రాను. నేను మీతోని కారుల వస్త" అన్నది.

ఉమాశ్రీకి అప్పటిదాక ఆపుకున్నదంత ఒక్కసారి పొంగింది. లైన్ల మంది ఉన్నరన్నది గూడ చూడలే.

"చాలు, ఇంక చాలు! నాతో అన్నం తినవు. నా పక్క గదిలో ఉండవు. ఆఖరికి నాతో ఒక డబ్బాలో పది నిమిషాలు కూర్చోలేవా? అంత అసహ్యమా మేమంటే?"

"నాకు ఎత్తంటె భయమే!" అని అరిచింది ప్రవళిక.

అరిచినాక ఆమెకే నమ్మబుద్ధి కాలే. ఇన్నేండ్లు మింగిన మాట, ఎవలదో దేశంల, చీనోళ్లు మలయోళ్లు చూస్తుండంగ బయటికొచ్చింది. ఇగ అయిపాయె, దీని బుర్రకు ఎక్కుతది అనుకున్నది. ఎక్కితె గదా!

"అబద్ధాలాడకు. మీ నాన్న రోజూ తాడిచెట్లెక్కుతాడని నువ్వేగా చెప్పేదానివి. ఇంకేదైనా మంచి సాకు చెప్పు" అన్నది ఉమాశ్రీ.

ప్రవళికకు అప్పుడొచ్చిన కోపం ఇంతంత గాదు. రోషం ముందటికి దొబ్బుతుంటె భయం ఎన్కకు గుంజుతున్నది. ఉమాశ్రీ చెయ్యి పట్టి బర్రున గుంజింది. "రా. ఎక్కు. అబద్ధమో నిజమో నీ కండ్లతోని చూద్దువు గని రా!" అని డబ్బాలకు తోసి, తాను దూకినట్టే ఎక్కింది. ఎన్కనే ఒక ముసలి చీనా జంట ఎక్కి ఎదురుంగ కూసున్నరు. తలుపు పడ్డది. నేల కిందికి పోయింది.

ఇగ చూడు ఆమె అవస్త. కండ్లు గట్టిగ మూసుకున్నది, రెండు చేతులతోని ఉమాశ్రీ చున్నీ పట్టుకున్నది. చున్నీ మెడకు బిగుసుకొని ఉమాశ్రీకి ఊపిరాడతలేదు. విడిపించబోతె ఆ చేతులు మంచుగడ్డలైనయి. మొఖం చూసింది, నెత్తురు సుక్క లేదు. పెదవులు ఏదో గొణుగుతున్నయి, చెవి పెట్టి ఇంటె "బాపూ, బాపూ" అంటున్నది.

"అయ్యయ్యో. నిజంగానే భయమా నీకు?"

"మరి ఇందాకటిసంది ఏం మొత్తుకుంటున్ననే!"

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలే?"

ఇగ మొదలైంది. ఇన్ని దినాలది బాకీ ఉన్నది గదా, తీరాలె మరి.

"నేనెందుకడగాలి? తలుపు దాకా వచ్చి నా మొహం చూసి వెళ్లిపోయావు. ఇంటికెళ్లి ఎంత ఏడ్చానో తెలుసా? మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, ఆ పిల్ల ఎలా ఉందని. ఏం చెప్పను? నేనంటే గిట్టదట అని చెప్పనా? గోడల మీద ఆంధ్రోళ్లు పోవాలన్న రాతలు చూసి షేర్ ఆటోలో నోరు విప్పేదాన్ని కాదు, యాస తెలిసిపోతుందని. నువ్వూ వాళ్లలాగే అనుకుంటున్నావని..."

"నా యాసకు నువ్వు నవ్వలేదా? క్లయింట్ కాల్ల నేను మాట్లాడినంక ఉదయ్ సార్ అదే మాట మళ్ల చెప్తుంటె, నువ్వు టేబుల్ కింద మొఖం పెట్టి నవ్వలేదా? నాకు కనవడలేదనుకున్నవా?"

"ఒక్కసారి నవ్వాను."

"ఒక్కసారా! జర దేవునికన్న భయపడు. ఊరోళ్లమంటె తెలివి లేనోళ్లమనే గదా మీకు? మా బాపు కాలిరగ్గొట్టుకొని గూడ చెట్టెక్కి నన్ను చదివిచ్చిండు, మీ ముందట తల ఎందుకు దించుకోవాల్నే నేను?" అని లేచి నిలవడ్డది. ఒక చేతిల చున్నీ అట్లనే ఉన్నది, ఇంకొక చేతి వేలు అద్దం దిక్కు చూపించుకుంట ఏదో చెప్తున్నది. డబ్బా ఊగింది. చీనా ముసలాయన భయపడి, కూసో తల్లీ కూసో అన్నట్టు రెండు చేతులు కిందికి ఊపిండు.

అప్పుడు సోయికొచ్చింది ఈమెకు, నిలవడి ఉన్ననని. కిందికి చూసింది. అడవి. లోయ నిండ చెట్ల తలలే, నడుమ నడుమ మబ్బు ముక్కలు. ఈసారి కండ్లు మూసుకోలే. చెట్లను మీదినుంచి చూసుడు పుట్టి బుద్ధెరిగినంక ఇదే మొదలు. బాపుకు రోజు ఇట్లనే కనవడ్తదా అనుకున్నది. కూసున్నది. ఉమాశ్రీ చున్నీ గుంజుకోలేదు. ఆమె కండ్లు గూడ ఎర్రగున్నయి.

పైన దిగి ఇద్దరు ఒక్క గిన్నెల నూడుల్సు తిన్నరు. తినుకుంట గూడ తిట్టుకున్నరు, గని ఆ తిట్ల రుచి వేరే. దిగేటప్పుడు పుణ్యవతి కారు తెచ్చి నిలవెట్టింది. ప్రవళిక వద్దన్నది. "మళ్ల గా కేబుల్ కారులనే పోదాం. ఒక్కసారైతె కోపంల ఎక్కిన అనుకుంటరు" అన్నది. మళ్ల ఎక్కింది. మళ్ల వణికింది. భయం యాడికి పోలేదు, జర పక్కకు జరిగి జాగ ఇచ్చింది, గంతే. కిందికి దిగేసరికి ఉమాశ్రీ చున్నీ అంచు చినిగి ఉన్నది.

హైదరాబాదుకు వచ్చేసరికి సమ్మె ముగిసింది. బస్సులు తిరుగుతున్నయి. సోమవారం మధ్యాహ్నం ఉమాశ్రీ ముందే పైకి పోయింది. ప్రవళిక మొఖం కడుక్కొని, డబ్బా పట్టుకొని, అద్దాల లిఫ్టు ఎక్కింది. ఎక్కి కండ్లు తెరిచే ఉంచుకున్నది. కింద ఆటోలు అగ్గిపెట్టెలంత అయినయి. ఇగ ఈ పీడ వదిలింది, ఈ పొద్దటిసంది అందరిలెక్క పైన కూసొని తింట అనుకున్నది. కడుపు నిండ సంబురం.

డాబా మీదికి అడుగు పెట్టింది, నిలవడిపోయింది. ఎత్తుకు గాదు. అటుదిక్కు బల్లలన్ని ఆంధ్రోళ్లు, ఇటుదిక్కు బల్లలన్ని తెలంగాణోళ్లు. నడుమ ఒక బల్ల ఖాళీ. ఉప్పు డబ్బా గూడ రెండున్నయి, ఆడొకటి ఈడొకటి. ఇన్ని దినాలు తానొక్కతే ఆ పంక్తికి ఎడమైననని ఏడ్చుకున్నది, పంక్తే రెండైనట్టు తెల్వదు. ఉమాశ్రీ గూడ చెప్పలే. ఈమెకు తెల్వదని ఆమెకెట్ల తెలుస్తది?

"రా అక్కా! ఇయ్యాల ఎట్ల వచ్చినవ్?" సంతోష్ లేచి కుర్చీ గుంజిండు.

"ఏంది సంతోష్ ఇది? గిట్ల ఎందుకు కూసున్నరు?"

"గదేంది అక్కా, నువ్వు చూపిచ్చినదే గదా." వాని మొఖంల ఎంత ప్రేమ ఉన్నదో, చూస్తె పాపం అనిపిస్తది. "నువ్వు పైకి రాకపోతివి. ఒక్క ఆడిపిల్ల అంత పౌరుషంతోని కింద చాయ్ బండి కాడ తింటుంటె, మేము సిగ్గు లేకుంట వాళ్లతోని కలిసి తినుడేంది అనుకున్నం. ఆనాడే బల్లలు జరిపినం."

ప్రవళికకు ఒక్కసారి ఆ అద్దాల గోడ మీదికొచ్చినట్టయింది. బల్ల అంచు పట్టుకున్నది. అటు ఉమాశ్రీ చూస్తున్నది, ఇటు వీళ్లు చూస్తున్నరు.

"సంతోష్, నేను కోపానికి గాదు రానిది" అన్నది. అందరికి ఇనవడాలని గొంతు పెంచింది. "నాకు ఎత్తంటె భయం. చిన్నప్పటిసంది భయం. ఈ డాబా మీద నిలవడాల్నంటె కాళ్లు వణికినయి, గందుకే కింద తిన్న. గంతే, ఇంకేం లేదు."

ఉదయ్ భాస్కర్ బల్ల కాడ ఎవలో కిసుక్కుమన్నరు. "గౌడ్స్ అమ్మాయికి ఎత్తంటే భయమేంటండీ" అన్నరు. నవ్వు ఆ దిక్కు బల్లలంత పాకింది. ఉమాశ్రీ లేచింది. "నిజమేనండి, నవ్వకండి. కేబుల్ కారులో నా చున్నీ పట్టుకుని వణికిపోయింది. చింపేసింది కూడా." ఆమె చెప్పింది సాయానికే. నవ్వు ఇంకింత పెరిగింది. ఇటుదిక్కు మాత్రం ఒక్క పెదవి కదలలే. సంతోష్ మొఖం గంటు పెట్టుకున్నడు.

"మలేషియాల ఏం చెప్పి మెత్తగ చేసిన్రు అక్కా నిన్ను?"

"నన్నెవలు మెత్తగ చెయ్యలే. నిజం చెప్తున్న."

వాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించిండు. "నిజమే అనుకో. నిజమైనా గిప్పుడు చెప్పకు. నీ పేరు చెప్పుకొని గిక్కడ కూసున్నం ఇన్ని దినాలు. ఒకడు రూమ్మేటుతోని మాట బంద్ చేసి రూమే ఖాళీ చేసిండు. ఒకామె పానం లెక్క చూసుకున్న దోస్తు పెండ్లికి పోలే. ఇప్పుడు వాళ్లకేం చెప్పమంటవ్? నువ్వు భయపడి కింద కూసున్నవని చెప్పాల్నా?"

ప్రవళిక వాని బల్ల దిక్కు చూసింది. ఆ పెండ్లికి పోనామె ఎవలో చూపియ్యకుంటనే తెలిసింది, ముద్ద చేతిలనే పట్టుకొని తల దించుకున్నది. ఇన్ని దినాలు తన దిక్కే అన్యాయం అయిందనుకున్నది. కోపం ఎవల మీద తియ్యాల్నో తెల్వలే.

"చెప్పు" అన్నది. "గదే చెప్పు. లేకుంటె నేను చెప్త, ఒక్కొక్కల కాడికి పోయి."

సంతోష్ డబ్బా మూత పెట్టిండు, అందరు చూస్తుండంగ మెట్ల దిక్కు పోయిండు. ఎన్క ఇద్దరు ముగ్గురు లేచిన్రు.

ప్రవళిక నడుమ ఖాళీ బల్ల కాడ కూసున్నది. అది అద్దాల గోడకు ఆనుకొని ఉన్నది, కింద రోడ్డంత కనవడ్తది. డబ్బా తీసింది, అన్నం కలిపింది, సగం మెతుకులు బల్ల మీద పడ్డయి. ఉమాశ్రీ తన డబ్బా తీస్కొని వచ్చి ఎదురుంగ కూసున్నది.

"నవ్వుతారని తెలిస్తే చున్నీ సంగతి చెప్పేదాన్ని కాదే. ఏమనుకోకు."

"నవ్వితె నవ్వనీ. వాళ్లు నవ్వుతరనే గదా ఇన్ని దినాలు చెప్పనిది. నవ్విన్రు, అయిపోయింది. సచ్చిపోలే."

"మరి వాళ్లు?" అన్నది ఉమాశ్రీ, మెట్ల దిక్కు చూసుకుంట.

"వాళ్లు నావోళ్లే. కొట్లాడేది వాళ్లతోని కలిసే కొట్లాడుత, రాష్ట్రం వచ్చేదాక." ముక్కు చీదింది. "గని తినుడు ఈడనే తింట."

ఉమాశ్రీ లేచి పోయి ఉప్పు డబ్బా తెచ్చింది. ఏ దిక్కుదో ఆమె చూడలే. కాసేపటికి ఆ పెండ్లికి పోని పిల్ల తన బల్ల ఇడిసి లేచి, చెయ్యి కడుక్కొని, ఫోన్ తీసి చెవి కాడ పెట్టుకున్నది. అవతల ఆ దోస్తు ఎత్తలేదు. మళ్ల చేసింది.